482 వీసా రద్దు: ట్రిబ్యునల్‌లో ఏం వాదించాలి?

ప్రశ్న:
నమస్కారం అండి. మెల్‌బోర్న్‌లో 482 వీసా (యజమాని స్పాన్సర్ చేసే ఆస్ట్రేలియా తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద షెఫ్‌గా పనిచేస్తుండగా మా యజమాని రెస్టారెంట్ మూసేశారు. కొత్త స్పాన్సర్ దొరికేలోపే స్పాన్సర్ దగ్గర పని లేకుండా ఉండటానికి వీసాలోని 8607 షరతు ఇచ్చే 180 రోజుల గడువు దాటిపోయింది. రద్దు చేసే ఆలోచనలో ఉన్నామంటూ వచ్చిన నోటీసుకు జవాబు పంపినా, గత వారం వీసా రద్దయినట్టు ఇమిగ్రేషన్ శాఖ ఉత్తరం అందింది. నాతోపాటు నా భార్య, పాప వీసాలూ పోయాయి. ఇప్పుడు ఒక హోటల్ వారు నామినేషన్ (నన్ను తమ ఉద్యోగానికి ప్రతిపాదించే దరఖాస్తు) వేయడానికి సిద్ధంగా ఉన్నారు. శాఖ నిర్ణయాలను సమీక్షించే ట్రిబ్యునల్‌లో గడువు దాటలేదని వాదించాలా? భార్య, పాపల తరఫున విడిగా దరఖాస్తు వేయాలా?

మొదటి జవాబు:
ముందు ఆ ఉత్తరంలోని తేదీ చూసుకోండి. నిర్ణయం మీకు అందిన నాటి నుంచి 28 రోజుల్లోగా, నిర్బంధంలో ఉన్నవారైతే 7 రోజుల్లోగా, దరఖాస్తు చేరాలి. ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. ఫీజు మూడు వేల డాలర్లు దాటుతుంది, ఇబ్బందుల్లో ఉన్నట్టు చూపితే సగం తగ్గించమని కోరవచ్చు. దరఖాస్తు వేసినంత మాత్రాన రద్దు ఆగదు కాబట్టి వెంటనే బ్రిడ్జింగ్ వీసా 'ఈ' (E: కేసు తేలేదాకా దేశంలో ఉండనిచ్చే తాత్కాలిక వీసా) తీసుకోండి. పనిచేసే అనుమతి దానితో తప్పక వస్తుందని అనుకోవద్దు, అవసరాన్ని రుజువు చేసి అడగాలి.

రెండవ జవాబు:
పాత ఏఏటీ (అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ట్రిబ్యునల్) స్థానంలో 2024 అక్టోబరు 14న అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ వచ్చినా, విచారణ పద్ధతి మాత్రం అదే: మైగ్రేషన్ చట్టం 116వ సెక్షన్ కింద మొదట షరతు ఉల్లంఘన జరిగిందా అని, జరిగితే ఆ కారణంగా రద్దు చేయడం సబబా అని రెండు మెట్లుగా చూస్తారు. మీ విషయంలో మొదటి మెట్టు మీద పోట్లాడి లాభం లేదని నా అభిప్రాయం. రోజులు లెక్కపెడితే తేలిపోయే దాన్ని కాదంటే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. రెండవ మెట్టులో మాత్రం చెప్పడానికి చాలా ఉంది: పని పోవడం మీ చేతిలో లేని సంగతి, అంతకుముందు షరతులు పాటించిన తీరు, పాప చదువు, కుటుంబానికి కలిగే కష్టం. ట్రిబ్యునల్ మొదటి నుంచీ కొత్తగా తూకం వేస్తుంది కనుక, శాఖకు పంపని కాగితాలనూ ఇప్పుడు పెట్టవచ్చు. ఉద్యోగాల కోసం రాసిన ఈమెయిళ్లు, వచ్చిన తిరస్కరణలు తేదీల వరుసలో పెట్టండి. హోటల్ వారి ఉత్తరంలో హోదా, జీతం, నామినేషన్ ఎప్పుడు వేస్తారన్నది స్పష్టంగా ఉండాలి. "మంచి వ్యక్తి" అని రాసిచ్చే ఉత్తరాలు పది తెచ్చినా దానికి సాటి రావు.

మూడవ జవాబు:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మినహాయింపు. 2024 జూలై 1కి ముందు గడువు 60 రోజులే. ఆ రోజు నుంచే 180 రోజులు, వీసా మొత్తం మీద 365 రోజులు అయ్యాయి, అంతకుముందు ఖాళీగా ఉన్న రోజులు ఈ లెక్కలోకి రావు. కాబట్టి ఒప్పుకునే ముందు శాఖ వేసిన లెక్కను ఒకసారి సరిచూడండి. మీ భార్య, పాప వీసాలు మీ వీసాను అనుసరించి చట్టప్రకారమే రద్దయ్యాయి గనుక వాటిపై విడిగా సమీక్ష ఉండదు. మీది నిలబడితే వారివీ నిలబడతాయి. ఇంకొక మాట: రద్దు అమలులో ఉండగా మైగ్రేషన్ చట్టం 48వ సెక్షన్ వల్ల ఆస్ట్రేలియాలో ఉండి కొత్తగా వేయగలిగిన వీసాలు బహు కొద్ది. హోటల్ వారు నామినేషన్ వేసినా మీరు ఇక్కడి నుంచి 482కు మళ్లీ దరఖాస్తు చేసుకోలేకపోవచ్చు. ఈ మాట వారికి ముందే చెప్పండి.