తంతిపాలుడా, తంత్రీపాలుడా?

మూలాపేట, నెల్లూరు: మా తాతగారు విరాటపర్వం చదివేటప్పుడు అజ్ఞాతవాసపు పేర్లు అయిదూ ఒక్క ఊపిరిలో చెప్పేవారు. కంకుడు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి వరకు నాకు బాగా గుర్తు. సహదేవుడి దగ్గరే తడబడుతున్నాను. తంతిపాలుడా, తంత్రీపాలుడా? ఇంట్లో డెబియన్ (ఒక రకం లినక్స్) కంప్యూటర్‌కు ఆ పేరే పెట్టుకున్నాను. మొదట ‘తంతిపాల’ అన్నాను. అనుమానం వచ్చి మొన్న ‘తంత్రిపాల’గా మార్చాను. అప్పటినుంచి సుడో (నిర్వాహకుడి అధికారంతో పని చేయించే ఆదేశం) కొట్టినప్పుడల్లా కాసేపు ఆగి, ఈ హోస్టును రిజాల్వ్ చేయలేకపోయానంటోంది, అంటే ఆ కంప్యూటర్ పేరుకు చిరునామా దొరకలేదని. ఈ రిజాల్వ్‌ను తెలుగులో ఏమనాలి? ‘పరిష్కరించడం’ అనడానికి మనసు ఒప్పడం లేదు.

కావలి: తంత్రీపాలుడే. తెలుగువాళ్ల నోట నలిగిన పేరు అదే.

ఒంగోలు: మూలంలో తంతిపాలుడండీ. తంతి అంటే దూడలను వరుసగా కట్టే పొడవాటి తాడు. సహదేవుడు విరాటుడి దగ్గర చేరింది ఆలమందల పనికి. క్రావడి తగిలించగానే కొట్టంలో ఉండవలసిన పలుపు వీణ తీగ అయిపోతుంది. ఆ వీణ పని బృహన్నలది.

కావలి: తంత్రికి తాడు అనే అర్థమూ ఉంది. మూలంలో భీముడు బల్లవుడు, మనకు వలలుడు. నకులుడు గ్రంథికుడు, మనకు దామగ్రంథి. వాటిని ఒప్పుకున్నవారు ఒక్క క్రావడి దగ్గర పట్టుబట్టడం ఎందుకు? విరాటపర్వం మొదలు 15 పర్వాలు రాసిన తిక్కనగారి ఊరివాళ్లం, మన వాడుక మనకు ప్రమాణం కాదా?

కందుకూరు: మూలాపేట మిత్రమా, ఈటీసీ అనే సెట్టింగుల ఫోల్డర్‌లో కంప్యూటర్ పేరుండే హోస్ట్‌నేమ్ ఫైలునూ, పేర్లకు చిరునామాలు రాసుకునే హోస్ట్స్ ఫైల్లో 127.0.1.1తో (ఈ కంప్యూటర్‌నే సూచించే చిరునామా) మొదలయ్యే వరుసనూ పక్కపక్కన పెట్టి చూడండి. డిగ్ అనే ఆదేశంతో వెతకవద్దు. అది హోస్ట్స్ ఫైలు ముఖం చూడకుండా నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌ను, అంటే పేర్లకు చిరునామాలు చెప్పే సర్వర్‌ను అడుగుతుంది. ‘గెటెంట్ హోస్ట్స్’ అని కొట్టి పక్కన పేరు ఇవ్వండి. సుడో వెతికే దారిలోనే అదీ వెతుకుతుంది.

మూలాపేట, నెల్లూరు: చూశానండీ. హోస్ట్‌నేమ్‌లో ‘ఆర్’ అక్షరం ఉంది, హోస్ట్స్‌లో లేదు. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోయాను.

అద్దంకి: పాండవులకు ఇంకో అయిదు పేర్లున్నాయి కదా: జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు. అవి తమలో తాము పిలుచుకోవడానికే, విరాటుడి కొలువులో ఎవరికీ తెలియవు. హోస్ట్స్ ఫైల్లో పేర్లూ అంతే. ఇంట్లో రాసి పెట్టుకోకపోతే బయటి సర్వర్‌కు ఎలా తెలుస్తాయి? రిజాల్వ్‌కు నా మాట ‘పోల్చడం’. పేరు విని ఫలానావాడని పోల్చుకోవడమే అక్కడ జరిగేది.

కావలి: పోల్చడమంటే చంద్రుడితో ముఖాన్ని పోల్చడం కూడా అవుతుంది. ‘ఆనవాలు పట్టడం’ మేలు.

ఒంగోలు: నేను ‘పరిష్కరించడం’ వైపే. రెండు తాళపత్ర ప్రతులు ముందు పెట్టుకుని, ఒకదాంట్లో ఉండి ఇంకొకదాంట్లో లేని అక్షరాన్ని తేల్చడాన్ని మనవాళ్లు పరిష్కరణ అనే అన్నారు. మూలాపేటవారి రెండు ఫైళ్లకూ కావలసింది అదే కదా!

అద్దంకి: పేరు మాట వచ్చింది కనుక ఎఱ్ఱనను తలుచుకోకుండా ఉండలేను. అరణ్యపర్వంలో మిగిలిన భాగమంతా తాను పూరించి, నన్నయ రచనగానే చెల్లేట్టు రాజరాజనరేంద్రుడికే అంకితంగా ముగించాడు. అంత పని చేసి తన పేరు పక్కన పెట్టగలిగిన కవి మరొకరు ఉన్నారా? అతుకు ఎక్కడుందో పట్టుకోవాలని ఆ పర్వం ఎన్నిసార్లు చదివానో.

కావలి: ఎఱ్ఱన మీద మాకూ ప్రేమే. కానీ ఆ తర్వాతి పర్వం అందుకున్న చేయి నెల్లూరిది.

మూలాపేట, నెల్లూరు: 127.0.1.1 పక్కన రెండు పేర్లూ రాశాను. ఇప్పుడు సుడో ఆగడం లేదు.

కందుకూరు: సంతోషం. ఆ వరుసలో మొదటిది అసలు పేరు, తరువాతివన్నీ మారుపేర్లు. ఏది ముందు పెట్టారు?

మూలాపేట, నెల్లూరు: తంత్రిపాల.

ఒంగోలు: అది రెండోది కావాలండీ.

కావలి: అలాగే ఉంచండి, మార్చవద్దు.