ఇంజెక్షన్ పోలియో టీకా నిజంగా సేఫేనా? 1955ని మర్చిపోదామా?

నీలిమేఘం:
పోలియో ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్, ప్రమాదమే లేదు అని అందరూ ఒకే మాట చెబుతున్నారు. 1955లో అమెరికాలో కట్టర్ లేబొరేటరీస్ టీకా గురించీ ఇదే అన్నారు. తీరా చూస్తే అందులో బతికున్న వైరస్ ఉంది. సుమారు 200 మందికి పక్షవాతం వచ్చింది, 10 మంది చనిపోయారు. తర్వాత, టీకా కోసం వైరస్‌ను పెంచే కోతి కిడ్నీ కణాల నుంచి ఎస్‌వీ40 అనే ఇంకో వైరస్ కూడా టీకాలోకి వచ్చిందని తేలింది. ఇన్ని జరిగాక ఎలా నమ్మాలి?

చిరుగాలి:
మీరు చెప్పిన రెండూ జరిగినవే. వాటిని దాచిపెట్టి సేఫ్ అని ఊరుకోబెట్టేవాళ్ల మీద నాకూ కోపమే. కానీ ఎందుకు జరిగిందో కూడా చూడండి. వైరస్‌ను చంపడానికి ఫార్మలిన్ (నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం) వాడతారు, అది తగిలితేనే వైరస్ చస్తుంది. కణాల తుక్కులో ఇరుక్కున్న వైరస్‌కు అది అందలేదు. కొద్దిపాటి వైరస్ మిగిలితే పట్టుకునేంత గట్టి పరీక్షలు అప్పట్లో లేవు. ఆ ఏడాదే టీకాలు ఆపేసి, వడపోత, పరీక్షలు రెండూ కఠినం చేశారు. అలాంటిది మళ్లీ జరగలేదు.

ఎస్‌వీ40 సంగతి వేరు. అది 1955–63 మధ్య టీకాల్లో కొన్నింటిలో ఉంది. దానివల్ల క్యాన్సర్ వస్తుందని గానీ, రాదని గానీ తేల్చడానికి ఆధారాలు చాలవని 2002లో అమెరికా నిపుణుల కమిటీ చెప్పింది. కాబట్టి నేను దాన్ని తేలని విషయమనే అంటాను, పుకారు అనను. ఇప్పటి టీకాల్లో మాత్రం అది లేదు.

నీలిమేఘం:
మరి ఫార్మాల్డిహైడ్? పసిపిల్లల ఒంట్లోకి దాన్ని ఎక్కించడమేంటి?

తుమ్మెద:
టీకాలు వేయడమే నా పని. ఈ ప్రశ్న దాదాపు ప్రతి తల్లీ అడుగుతుంది, అడగాలి కూడా. ఫార్మాల్డిహైడ్ మన ఒంట్లో సహజంగానే తయారవుతూ ఉంటుంది. టీకాలో మిగిలే కాస్త కంటే పసిబిడ్డ రక్తంలో ఎప్పుడూ ఉండేదే ఎక్కువ.

నేను మామూలుగా చూసేవి సూది వేసిన చోట ఎరుపు, నొప్పి, కాస్త గట్టిపడటం. కొందరికి కొద్దిగా జ్వరం, చిరాకు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. పెద్ద పిల్లలు సూది భయంతో కళ్లు తిరిగి పడిపోవచ్చు, అందుకే కూర్చోబెట్టి వేస్తాం. అసలు భయపడాల్సింది తీవ్రమైన అలర్జీకి. ఏ టీకాకైనా అది దాదాపు పది లక్షల డోసుల్లో ఒకరికి వస్తుంది, వస్తే ఎక్కువగా నిమిషాల్లోనే. అందుకే కాసేపు ఆగి వెళ్లమంటాం. దయచేసి తొందరపడి వెళ్లిపోకండి. నియోమైసిన్, స్ట్రెప్టోమైసిన్, పాలిమిక్సిన్ బి అనే యాంటీబయాటిక్ మందులు కూడా ఇందులో అతి కొద్దిగా ఉండొచ్చు. వీటికి గానీ, ముందు డోసుకు గానీ తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పాలి.

చిరుగాలి:
చుక్కల మందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. దానివల్ల చాలా అరుదుగా పక్షవాతం రావచ్చు. ఇంజెక్షన్‌తో ఆ ముప్పు లేదు. దీని అసలు లోపం భద్రతలో కాదు, పేగుల్లో. పక్షవాతం రాకుండా కాపాడుతుంది కానీ పేగుల్లో వైరస్ పెరగడాన్ని అంతగా ఆపలేదు. 2013లో ఇజ్రాయెల్‌లో ఇంజెక్షన్ బాగా వేసినా మురుగునీటిలో వైరస్ దొరికింది. ఎవరికీ పక్షవాతం రాలేదు, వైరస్ మాత్రం అప్పుడు జనంలో తిరుగుతూనే ఉండింది. వాదించాల్సింది దీని గురించి.

నీలిమేఘం:
అలర్జీ సంగతి ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. ఎస్‌వీ40 మీద నా అనుమానం అలాగే ఉంది. ఒక్కటి చెప్పండి, జలుబు ఉంటే వేయించవచ్చా?

తుమ్మెద:
మామూలు జలుబైతే వేయించండి. జ్వరం ఎక్కువగా ఉండి బిడ్డ నీరసంగా ఉంటే తగ్గేదాకా ఆగి, డాక్టర్‌ను అడిగి రండి.