అప్‌డేట్: నాన్న కట్టిన గోదావరి వంతెన

నాన్న పోయాక, ఆయన చేసిన రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జి నమూనాకి పట్టిన దుమ్ము ఎలా వదిలించాలి, ఊడిన కడ్డీలు ఎలా అతికించాలి అని ఆ మధ్య అడిగాను కదా. తడిగుడ్డ వద్దు, మెత్తటి పెయింట్ బ్రష్ చాలన్నవాళ్ల మాటే నిజమైంది. కడ్డీలంటే చీపురుపుల్లలే లెండి, ఫెవికాల్‌తో మళ్లీ నిలబడ్డాయి.

అసలు బ్రిడ్జికి 28 ఆర్చీలు, ఒక్కోటి 97.55 మీటర్లు. నాన్నది 1:87 స్కేలు, అసలు దాంట్లో 87వ వంతు. అంటే ఒక్క ఆర్చే మీటరు దాటి 12 సెంటీమీటర్లు! "మొత్తం కడితే మనం వీధిలో పడుకోవాలి" అని అమ్మ దెప్పేది. అందుకే ఒక్కటే కట్టారు, అదీ మేం నిద్రపోయాక. సాయంత్రాలన్నీ మా ఎక్కాలకీ, అమ్మ పక్కన కూర్చుని కూరలు తరగడానికీ సరిపోయేవి.

పట్టాల కొలత తప్పని ఒకరన్నారు. నిజమే. కొన్న పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్‌కి ఆ స్కేల్లో 19 పైనే రావాలి. ఆయనకీ తెలుసు, చెక్క అడుగున పెన్సిల్‌తో లెక్క వేసి ఉంది. నేను మార్చలేదు.

మొన్న సంవత్సరీకానికి అందరం చేరాం. చెల్లెలి కొడుకు దానిమీద అగ్గిపెట్టెల రైలు నడిపాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వని అమ్మ, వద్దనలేదు.