పాతిక వేల హెడ్‌ఫోన్‌కీ రెండు వేల దానికీ నిజంగా అంత తేడా ఉంటదా?

నెల్లూరోడు:
అన్నలూ ఒక డౌటు. రోజూ నెల్లూరు నుంచి గూడూరు రైల్లో పోయొస్తా ఉండా, పాటల్లేకపోతే పొద్దు పోదు. ఇప్పుడు వాడేది పన్నెండొందల బడ్స్, ఇంట్లో బానే ఉంటాయి గానీ రైలెక్కితే ఆ మోతలో ఏమీ ఇనపడదు, సౌండు ఫుల్లుగా పెట్టాల్సిందే. మా రూమ్మేటు తన సోనీ ఎక్స్‌ఎం5 (చెవులు మొత్తం మూసే పెద్ద హెడ్‌ఫోన్) ఇచ్చాడు ఒకసారి ఇనమని, అబ్బో, తీయబుద్ధి కాలా. అంత డబ్బు పెట్టొచ్చా, లేక సగం బ్రాండు పేరుకేనా? నాది ఐఫోన్. మా అమ్మకి చెప్తే ఆ డబ్బుతో కమ్మలు కొనచ్చు గదరా అంటది, ఇప్పటి రేటుకి కమ్మలు కూడా రావనుకో.

కావలి బుల్లోడు:
బా, నువ్వు ముందు రెండు విషయాలు విడగొట్టుకో, సౌండు వేరు, మోత తగ్గడం వేరు. రైల్లో నీకు నచ్చింది నాయిస్ క్యాన్సిలేషనే. బయట మైకులు మోతని పట్టుకుని దానికి సరిగ్గా ఎదురు తరంగం లోపల వదుల్తాయి, అందుకే చక్రాల గుయ్యిమనే సౌండు, ఏసీ మోత బాగా తగ్గుద్ది, పల్లీలోడి కేక మాత్రం ఇనపడతానే ఉంటది. సౌండు తక్కువ పెట్టుకోవచ్చు గనక ఇది చెవులకి కూడా మంచిది. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కన 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు ఇనొచ్చు, 90 అయితే 4 గంటలే, రైలు మోత మీద గెలవాలని ఫుల్లు పెడితే యాడికి పోద్దో నువ్వే చూసుకో.
ఇక ఉత్త సౌండు సంగతికొస్తే రేటుతో పెద్ద సంబంధం లేదు. 2017లో జెరూన్ బ్రీబార్ట్ అనే ఆయన 283 హెడ్‌ఫోన్ల కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వస్తందనే దానికీ రేటుకీ లింకే దొరకలా. మూన్‌డ్రాప్ చూ లాంటి వైరు ఇయర్‌ఫోన్లు రెండు వేల దరిదాపుల్లోనే వస్తాయి, ఇని చూడు.

చీమకుర్తి గ్రానైట్:
పైనాయన చెప్పింది సగమే ఒప్పుకుంటా. ఒంగోల్లో మా ఫ్రెండు కాడ సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఉంది, 1997లో వచ్చిన మోడలు, ఇప్పటికీ అమ్ముతున్నారు. దాంట్లో పాత పాట పెడితే తబలా మీద ఏలు జారేది, పాడే ఆమె ఊపిరి తీసుకునేది కూడా తెలుస్తది, రెండు వేల దాంట్లో నాకు ఆ సుఖం రాలా. కాకపోతే దాని రెసిస్టెన్స్ 300 ఓమ్స్, ఎక్కువ, ఫోనుకి పెడితే నీరసంగా మోగుద్ది, విడిగా యాంప్ (సౌండు పెంచే డబ్బా) కావాలి, పైగా ఓపెన్ బ్యాక్, అంటే వెనక మూసి ఉండదు, రైల్లో పెట్టుకుంటే పక్కనోళ్ళకి కూడా నీ పాటే. రాత్రి ఫ్యానాపి ఇంట్లో ఇనేవాళ్ళ సరుకు అది.
ఇంకోటి, బడ్స్ రబ్బరు టిప్స్ సైజు మార్చి చూశావా? చెవిలో సందుంటే బేసంతా బయటికి పోద్ది, ఎంత పెట్టి కొన్నా అంతే. పెట్టుకుని దవడ ఆడించు, సౌండు మారిందంటే సైజు సరిపోలా.

గుంట కాడ కాపలా:
నేను రొయ్యల గుంటల కాడ ఏరేటర్ల మోతలో ఉంటా, నా మాట ఇను. మే నెల్లో నెల్లూర్లో ఆ పెద్దయ్యి పెట్టుకుంటే చెవులకి దుప్పటి కప్పినట్టే, చెమట కారి కారి ప్యాడ్ల తోలు పెచ్చులు పెచ్చులుగా ఊడి మెడకి అంటుకుంటది. నేను కొన్నది పెద్ద కంపెనీదే, ప్యాడ్ల రేటు చూసి కళ్ళు తిరిగాయి. అయిదారు వేలల్లో నాయిస్ క్యాన్సిలేషన్ బడ్స్ తీసుకో, చాలు. బడ్స్ బ్యాటరీ కొన్నేళ్ళకి చస్తది, చాలావాటికి మార్చడం కుదరదు, అందుకే వాటికి పాతిక వేలు అసలొద్దు. ఎల్‌డ్యాక్ (బ్లూటూత్‌లో పాటని ఎక్కువ క్వాలిటీతో పంపే పద్ధతి) 990 కేబీపీఎస్ అని డబ్బా మీద రాస్తారు చూడు, ఐఫోన్లో అది పని చెయ్యదు, దానికోసం ఎక్స్‌ట్రా ఇయ్యమాక.

నెల్లూరోడు:
థాంక్స్ బా అందరికీ. దవడ ఆడించి చూశా, ఎడమ పక్క బేస్ వచ్చి పోతా ఉంది 😅 టిప్స్ మారుస్తా ముందు. ట్రంకు రోడ్డు పక్కన చెవికి పెట్టి ఇననిచ్చే షాపు ఏదన్నా ఉంటే చెప్పండి, నేనడిగిన కాడ డబ్బా కూడా తెరవనియ్యలా.