డిగ్రీ ఆఖరి ఏడాది అప్రెంటిస్‌షిప్: చదువా, చవక కూలీనా?

తాడిపత్రి రోడ్డు:
మా తమ్ముడు అనంతపురంలో డిగ్రీ రెండో ఏడాది. వాళ్ల కాలేజీలో అప్రెంటిస్‌షిప్ కలిపిన డిగ్రీ పెట్టారు. ఆఖరి రెండు సెమిస్టర్లు క్లాసులు ఉండవు, పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పని, నెలకు 9,000 స్టైపెండ్, ఆ పనికే క్రెడిట్లు (పట్టాకు లెక్కేసే పాయింట్లు), చివరికి అందరిలాగే పట్టా. వాడు ఎగిరి గంతేస్తున్నాడు. నాన్నేమో "చదువుకోమని పంపితే కూలికి పోతాడా" అంటున్నాడు, బుడ్డల పంట ఎండిపోయిన ఏడాది కూడా ఫీజు ఆపని మనిషి, ఆయనకు ఎదురు చెప్పాలంటే నోరు రాదు. మధ్యలో నేను. చేర్చాలా వద్దా?

పాత ఫిట్టర్:
కళ్లు మూసుకుని చేర్చు అబ్బయ్యా. నేను ఐటీఐ అయ్యాక ఒక వర్క్‌షాపులో అప్రెంటిస్ చేశా. మొదటి నెలంతా ఒకటే పని, ఆకురాయితో ఇనుప ముక్కను చదును చేయడం. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకునేవాడు మా మేస్త్రీ, సందులోంచి వెంట్రుకంత వెలుగు కనపడిందా, ముక్క మళ్లీ బల్ల మీదికే. అరచేతులు బొబ్బలెక్కి సంగటి ముద్ద పట్టుకోలేకపోయేవాణ్ని. ఆ నెలే నాకు ఇరవై ఏళ్లు అన్నం పెట్టింది. పైగా అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకి రైల్వేలో అన్నిటికన్నా కింది స్థాయి, అంటే లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం ఉంటాయి.

నల్లబల్ల:
అన్నా, ఆ 20 శాతం మీలాంటి ట్రేడ్ అప్రెంటిస్‌లకు, పరీక్ష రాసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకు. డిగ్రీ అప్రెంటిస్‌ల దారి వేరు, వాళ్ల వ్యవహారం చెన్నైలో ఉన్న అప్రెంటిస్‌షిప్ శిక్షణ దక్షిణ ప్రాంత బోర్డు చూస్తుంది. రెండూ కలిపి చెప్తే పిల్లలు మోసపోతారు.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను కాబట్టి నా మాట కొంచెం చేదుగానే ఉంటుంది. మన రాష్ట్రంలో 2020లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు కదా, వేసవుల్లో రెండేసి నెలలు, తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం. ఆలోచన మంచిదే. ఒకసారి నా బల్ల మీదికి నలభై లాగ్‌బుక్కులు వచ్చాయి, వాటిలో ముప్పైకి పైగా 'సూపర్‌వైజర్' అన్న మాటకు ఒకే స్పెల్లింగ్ తప్పు! ఎవడో ఒకడు రాశాడు, మిగతావాళ్లు ఒక్క రాత్రిలో ఎక్కించుకున్నారు. సంతకం పెట్టిన సంస్థ మనిషి అది తెరిచి కూడా చూసి ఉండడు. అప్రెంటిస్‌షిప్‌లో డబ్బులు, ఒప్పందం ఉంటాయి కాబట్టి ఇంత అన్యాయంగా ఉండదు, ఒప్పుకుంటా. కానీ నేర్పారో లేదో చూసేవాడు ఎవడు? అది చెప్పండి ముందు.

గోడౌన్ మనిషి:
నేను చేశాను, నేను చెప్తా. బెంగళూరు దగ్గర ఒక గోడౌన్, పేరు వద్దులే. పది నెలలు డబ్బా ఎత్తు, స్కాన్ చెయ్, పెట్టు. స్టైపెండ్ 9,000, రూముకు నా వాటా 3,000, మెస్ 3,500, ఇక ఫోను, కదిరికి రెండు నెలలకోసారి బస్సు. మిగిలింది సున్నా. పండగ సీజన్‌లో రోజుకు పన్నెండు గంటలు, అడిగితే "నువ్వు వర్కర్ కాదు, ట్రైనీవి" అన్నారు. నిజమే, 1961 అప్రెంటిస్‌ల చట్టంలో సెక్షన్ 18 అదే అంటుంది, అప్రెంటిస్ కార్మికుడు కాడు. ట్రైనింగ్ ఏదిరా అంటే స్కానర్‌కి చార్జింగ్ పెట్టడం. ఈ పనికి డిగ్రీ ఎందుకు, క్రెడిట్లు ఎందుకు? మీ నాన్న అన్నది కరెక్ట్ అన్నా.

నల్లబల్ల:
బాబూ, నీకు జరిగింది అన్యాయమే, కానీ ఒక్క మాట. అదే చట్టంలో సెక్షన్ 15 ప్రకారం అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఫ్యాక్టరీలో భద్రతా నిబంధనలు అప్రెంటిస్‌కీ వర్తిస్తాయి, పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం కూడా ఉంది. "నువ్వు వర్కర్ కాదు" అన్న ఒక్క ముక్కే పిల్లలకు చెప్పి మిగతావి దాచేస్తారు.

గోడౌన్ మనిషి:
మేడమ్, పందొమ్మిదేళ్ల పిల్లోడు రాత్రి తొమ్మిదింటికి గోడౌన్‌లో నిలబడి సెక్షన్ 15 చెప్తాడా?

షెడ్డు ఓనర్:
అందరూ కంపెనీలనే తిడుతున్నారు కాబట్టి చెప్తున్నా. నాది చిన్న యూనిట్, 35 మంది. 30 మంది, ఆపైన ఉంటే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు. వచ్చినవాడు మొదటి రెండు నెలలు పని చేయడు, చెడగొడతాడు. వాడికి నేర్పడానికి నా మంచి ఆపరేటర్ రోజుకు గంట పోగొట్టుకుంటాడు. నేర్చుకోగానే బెంగళూరు పోతాడు. నేనేం దానకర్ణుణ్ని కాదు కదా.

గోడౌన్ మనిషి:
డిగ్రీ అప్రెంటిస్‌కి ఇచ్చేదాంట్లో 4,500 వరకు కేంద్రమే భరిస్తుంది, అది చెప్పలేదేం సార్? సగం జీతానికి మనిషి దొరికినట్టే.

షెడ్డు ఓనర్:
భరిస్తుంది, కాదనను. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం నమోదు చేస్తేనే. చేయకుండా 'ట్రైనీ' అని బోర్డు తగిలించి వాడుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లను నేను వెనకేసుకురాను.

కొండారెడ్డి బురుజు:
మా అక్క బ్రిటన్‌లో ఉంటుంది. అక్కడ 2015 నుంచి డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు ఉన్నాయి. పిల్లోడు యూనివర్సిటీ ఫీజు ఒక్క పౌండు కట్టడు. కంపెనీ, ప్రభుత్వం కలిసి కడతాయి, చదువుకోవడానికి పని గంటల్లోనే టైమ్ ఇస్తారు, జీతం మామూలుగా వస్తుంది. 2017లో పెద్ద కంపెనీల జీతాల బిల్లు మీద 0.5 శాతం లెవీ, అంటే పన్నులాంటిది వేశారు, డబ్బులు అక్కడి నుంచి. సీట్లకు పోటీ మాత్రం మామూలుగా ఉండదట. ఇప్పుడు మన దగ్గరకు రండి. యూజీసీ 2025 మార్గదర్శకాల్లో మూడేళ్ల డిగ్రీలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్ల వరకు అప్రెంటిస్‌షిప్ పెట్టుకోవచ్చన్నారు. బాగుంది. పిల్లోడు కంపెనీలో ఉన్న ఆ ఏడాదికి కాలేజీ ఫీజు ఎవరు కడతారు? పాఠం చెప్పని సెమిస్టర్లకు కూడా మనమే కడితే, ఇందులో కాలేజీకి తప్ప ఎవరికి లాభం? తాడిపత్రి అన్నా, ముందు ఇది అడుగు.

పాత ఫిట్టర్:
ఫీజు సంగతి సరే, వాణ్ని ఏ మెషీన్ మీద పెడతారో అడుగు. నెలకో సెక్షన్ మారుస్తారా, ప్యాకింగ్‌లోనే పడేస్తారా. గోడౌన్ తమ్ముడికి నాలాంటి మేస్త్రీ దొరకలేదు, అంతే తేడా. నేను కూడా ముందు అంత గట్టిగా చెప్పి ఉండకూడదేమో.

తాడిపత్రి రోడ్డు:
అందరికీ థాంక్స్. ఈ రోజు తమ్ముణ్ని తీసుకుని కాలేజీకి పోయొచ్చా. ఒప్పందం పోర్టల్‌లో నమోదవుతుంది, నమూనా కాపీ చూపించారు. మెషీనింగ్, క్వాలిటీ, స్టోర్స్, మూడు సెక్షన్లు, ఒక్కోదాంట్లో మూడు నాలుగు నెలలు అని రాసి ఉంది. నెలకోసారి కాలేజీ నుంచి ఒక సార్ వచ్చి చూస్తారట, నల్లబల్ల మేడమ్ నవ్వుతారేమో. ఫీజు అడిగితే మాత్రం "మామూలుగానే సార్" అన్నాడు క్లర్కు, అంటే కట్టాలి. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా అంటే, దానికి 75 శాతం హాజరు కావాలి, కంపెనీ హాజరును లెక్కలోకి తీసుకుంటామంటున్నారు గానీ కాగితం మీద రాసివ్వమంటే ప్రిన్సిపాల్‌ను అడగాలన్నారు. అది చేతికొచ్చాకే సంతకం అని తమ్ముడితో తేల్చి చెప్పా, మూతి ముడుచుకున్నాడు.

ఇంటికొచ్చి ఇదంతా నాన్నకు వివరంగా చెప్పా. అంతా విని ఒకటే అడిగాడు, రాత్రి షిఫ్టు ఉంటుందా అని. అది అడగడం మర్చిపోయా.