నాన్న 1971లో నేవీ టెలిగ్రాఫిస్టు. ఓడలో ఆయన పని ఏమిటో తెలిసినవాళ్ళు చెప్పగలరా?

ప్రశ్న (పెద వాల్తేరు నుంచి)

నమస్కారం. మా నాన్న సంక్రాంతికి ముందు పోయారు. నేవీలో పదిహేనేళ్ళు టెలిగ్రాఫిస్టుగా చేశారు. 1971 యుద్ధంలో తూర్పు వైపు ఉన్నారని మాత్రం తెలుసు. ఏ ఓడో అమ్మకి కూడా సరిగ్గా గుర్తులేదు. చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా "మేం నోరు మూసుకుని యుద్ధం చేశాంలే" అనేవారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆయన ట్రంకు పెట్టెలో ఒక మెడల్ దొరికింది, పూర్వీ స్టార్ అట. చొక్కా భుజం మీద కుట్టుకునే గుడ్డ బ్యాడ్జి ఒకటి, రెక్కల మధ్య మెరుపు గుర్తు ఉంది. ఇంకా ఒక రూళ్ళ నోట్‌బుక్. దాని నిండా పెన్సిల్‌తో ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఐదేసి చొప్పున. ఏ మాటా అర్థం కాదు. ఇవి యుద్ధంలో వచ్చిన రహస్య సందేశాలా? ఇంట్లో ఉంచుకోవచ్చా?

ఇంకో సంగతి. రాత్రి వార్తలయ్యాక నాన్న రేడియో కట్టేసేవారు కాదు. ముల్లు కాస్త పక్కకి తిప్పి, స్టేషన్ ఏదీ లేనిచోట వచ్చే గరగర వింటూ నిద్రపోయేవారు. అమ్మ రోజూ విసుక్కునేది. ఇది ఆ ఉద్యోగం వల్లేనా?

జవాబు (రిటైర్డ్ టెలిగ్రాఫిస్టు, భీమిలి)

అమ్మా, ఆ మెరుపు బ్యాడ్జి నేనూ కుట్టుకున్నాను. 1964లో, పదహారేళ్ళప్పుడు, విశాఖలోనే సర్కార్స్ అనే నేవీ శిక్షణ కేంద్రంలో బాయ్‌గా, అంటే కుర్ర ట్రైనీగా చేరాను. తర్వాత కొచ్చిన్ సిగ్నల్ స్కూలు. యుద్ధం నాటికి బ్రహ్మపుత్ర అనే యుద్ధనౌక మీద ఉన్నాను.

నోట్‌బుక్ గురించి టెన్షన్ పడకండి. యుద్ధ సందేశం రాసిన కాగితం ఒక్కటి కూడా వైర్‌లెస్ ఆఫీసు దాటి బయటికి రాదు. కోడ్ పుస్తకాలకి సీసపు అట్టలుండేవి. ఓడ శత్రువుకి చిక్కేలా ఉంటే సముద్రంలోకి విసిరెయ్యాలి, అవి తేలకూడదు. మీ దగ్గరున్నది సిగ్నల్ స్కూల్లో నేర్చుకున్నప్పటి ప్రాక్టీసు పుస్తకం అయ్యుంటుంది. అర్థం లేని అక్షరాలే ఎందుకంటే, మామూలు మాటలైతే సగం వినగానే మిగతాది మనసు ఊహించేస్తుంది. మాకు ఊహించే అలవాటు పోగొట్టాలి. విన్నదే రాయాలి, వినపడకపోతే ఖాళీ వదలాలి. పని చేతికొచ్చాక చెవి మూడు నాలుగు అక్షరాలు ముందు ఉంటుంది, పెన్సిల్ వెనక వస్తుంది. ఆ పుస్తకం పారెయ్యకండి. దాంట్లో ఆయన పడిన కష్టం ఉంది.

"నోరు మూసుకుని యుద్ధం" అన్నారు చూశారా, అది అక్షరాలా నిజం. ఒడ్డున ఉన్న స్టేషన్ ఓడలన్నిటికీ కలిపి రాత్రీ పగలూ మోర్స్ (చుక్కలూ గీతల సంకేతాలు) పంపుతూనే ఉంటుంది. ఒక్కో సందేశానికి ఒక్కో వరస నంబరు. అందిందని మేం తిరిగి చెప్పడానికి వీల్లేదు. కీ (మోర్స్ పంపే మీట) నొక్కితే చాలు, ఓడ ఏ దిక్కున ఉందో శత్రువు డైరెక్షన్ ఫైండర్‌తో పట్టేస్తాడు. మధ్యలో ఒక నంబరు తప్పిపోయిందా, "మళ్ళీ చెప్పండి" అని అడగలేం. వాళ్ళు మళ్ళీ పంపేదాకా కడుపులో రాయి పెట్టుకుని కూర్చోవాలి. ఆ పోయిన సందేశం మన ఓడకే కావొచ్చు కదా.

మిడిల్ వాచ్ అంటే రాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు. బ్లాకౌట్ కాబట్టి తలుపులూ కిటికీలూ బిగించేసేవారు. వాల్వు సెట్ల వేడికి బనియను ఒంటికి అతుక్కుపోయేది. ఓడ ఊగినప్పుడు మోకాళ్ళ మధ్య బకెట్ పెట్టుకుని, వాంతి చేసుకుంటూనే రాసేవాళ్ళం. రాయడం ఆపకూడదు.

నవంబరులో మమ్మల్ని విమానవాహక నౌక విక్రాంత్‌తో పాటు అండమాన్ వైపు దాచారు. విక్రాంత్‌కి ఒక బాయిలర్ పాడై వేగం తగ్గిపోయింది. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ ఘాజీ జలాంతర్గామిని పంపింది. అప్పుడు విశాఖలో తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు వేసిన ఎత్తు ఇది: రాజ్‌పుత్ అనే పాత డెస్ట్రాయర్ విక్రాంత్‌లా నటిస్తూ వైర్‌లెస్‌లో జోరుగా సందేశాలు పంపింది. మేం నోరు మూసుకున్నాం, మా బదులు అది మాట్లాడింది. విక్రాంత్ నావికుడు ఒకడు తల్లికి సీరియస్‌గా ఉందని తెలిసి, ఎలా ఉందో అడుగుతున్నట్టు కోడ్ లేకుండా మామూలు భాషలో ఒక టెలిగ్రాం కూడా పంపించారు, శత్రువు వినాలనే.

అదంతా మాకు అప్పుడు తెలియదు. ఏళ్ళ తర్వాత చదివాను. చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ నవంబరులో మా అమ్మకి నిజంగానే ఒంట్లో బాగోలేదు. నా చేతి కిందే కీ ఉంది. ఇంటికి ఒక్క మాట పంపలేను. ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. అమ్మ బతికిందని డిసెంబరు ఆఖరులో తెలిసింది. కృష్ణన్ గారు చేసింది తప్పని నేను ఎప్పుడూ అనను. ఆ ఎత్తు వల్లే మేం ప్రాణాలతో వచ్చామేమో. అయినా ఆ టెలిగ్రాం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

డిసెంబరు 9న పడమటి సముద్రంలో, డయ్యూ దగ్గర, మన యుద్ధనౌక కుక్రీ మునిగింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. సిగ్నల్ స్కూల్లో నా పక్క బెంచీ కుర్రాడు అందులో ఉన్నాడు.

ఇక రేడియో గరగర. అమ్మగారికి చెప్పండి, నేనూ అంతే. ఏళ్ళ తరబడి చెవిలో అదే ఉంటుంది. ఆ చప్పుడు వస్తోందంటే సెట్ పనిచేస్తోందని, మనల్ని ఎవరూ పిలవడం లేదని అర్థం. నిశ్శబ్దమైతేనే గాబరా వేస్తుంది.

జవాబు (జాలరిపేట)

ఘాజీ మునిగింది డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, మా రేవు ముఖద్వారానికి దగ్గర్లోనే. దీపాలన్నీ ఆర్పేసి ఉన్నారట. కిటికీలు దడదడలాడాయని మా నాయనమ్మ చెప్పేది. తెల్లారాక తేలుతున్న సామాన్లు చూసి నేవీకి చెప్పింది మా జాలర్లే. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ళలోపల పేలే బాంబుల) వల్ల మునిగిందని మనవాళ్ళు, లోపలి పేలుడు వల్లో సొంత మైన్ల వల్లో అని పాకిస్తాన్ వాళ్ళు అంటారు. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం ఈ యుద్ధం గుర్తుగా కట్టిందే.

జవాబు (మాజీ సైనికుడి కొడుకు, విజయనగరం)

పూర్వీ స్టార్ తూర్పు రంగంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చింది. మెడల్ వెనకో అంచునో చెక్కిన అంకెలు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి, అది సర్వీసు నంబరు. నావికుల రికార్డులు ముంబైలో కమొడోర్ బ్యూరో ఆఫ్ సెయిలర్స్ దగ్గర ఉంటాయి. అమ్మగారి పేరు మీద అడగండి. ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే దారి చెప్తారు.

ప్రశ్న అడిగినావిడ

బాబాయ్ గారూ, మీ జవాబు అమ్మకి చదివి వినిపించాను. గరగర దగ్గరికొచ్చేసరికి "ఆ ముక్క నాతో చెప్తే నేను తిట్టేదాన్ని కాదుగా" అంది. నోట్‌బుక్ మళ్ళీ తిప్పి చూశాను. మొదటి పేజీల్లో వరసకి రెండు మూడు ఖాళీలున్నాయి. చివరి పది పేజీల్లో ఒక్కటీ లేదు. మెడల్ వెనక అంకెలు కనిపించాయి. సోమవారం అమ్మని తీసుకుని సైనిక కార్యాలయానికి వెళ్తున్నాం. ఓడ పేరు తెలియగానే ఇక్కడే రాస్తాను. బ్రహ్మపుత్ర అయితే ముందు మీకే చెప్తాను.