పాత ల్యాప్‌టాప్‌కి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈనా, లుబుంటునా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో నాన్నగారి ల్యాప్‌టాప్‌కి విండోస్ బదులు లినక్స్ వేయాలి; పాత మెషీన్లకి సరిపోయే తేలికైన లినక్స్ రకాలైన మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, లుబుంటులలో ఏది మేలో తేలడం లేదు. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, 11కి ఈ ప్రాసెసర్ పనికిరాదు. ఆయన వాడకం దర్శనం టికెట్లు, తెలుగు టైపింగు, అంతే.

పెన్‌డ్రైవ్ నుంచి మింట్‌ని లైవ్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండానే) నడిపితే సౌండు బాగుంది, వైఫై పట్టలేదు. వైఫై చిప్ బ్రాడ్‌కామ్ కంపెనీది. ఫోన్ నెట్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌తో (కేబుల్ ద్వారా) ల్యాప్‌టాప్‌కి ఇచ్చి, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్‌లోంచి వైఫై డ్రైవర్ వేస్తే చాలా?

అసలు చిక్కు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్న ఉత్తరాలు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా గుర్తించే పద్ధతి) కావు కాబట్టి, ఫాంటు లేకపోతే లిబ్రేఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) ‘శ్రీ’ ఉండాల్సిన చోట ఏవో గుర్తులు కనిపిస్తాయి. ఫాంటు ఫైళ్లు ఎక్కించుకోవాలా, అన్నీ యూనికోడ్‌లోకి మార్చేయడమే మేలా?

డబ్బు ఒక్కదానికే ఉంది: ముందు ఎస్‌ఎస్‌డీనా, ఇంకో 4 జీబీ ర్యామా? ఇలాంటి మెషీన్ మీద వాడినవాళ్లు చెప్పండి, దయచేసి.